లే న్వే పుచ్చుకున్న సన్యాసం

బ్యాంకాక్‌లో ఫ్రఖనోంగ్ బజారు వెనక సందులో లే న్వే కొట్టుకి బోర్డు ఉండేది కాదు. జెల్లచేప పులుసు మరిగే వాసనే బోర్డు. రేవులో మూటలు మోసేవాళ్ళు, మేడల్లో గిన్నెలు తోమే ఆడపిల్లలు, అందరూ బర్మాలో దావే నుంచో మౌల్మేన్ నుంచో వచ్చినవాళ్ళే, పొద్దున్నే వచ్చి కురచ పీటల మీద కూలబడేవారు. బియ్యపు సేమ్యా మీద చిక్కటి పులుసు, పైన కరకరలాడే సొరకాయ బజ్జీ, పక్కన ఎంత తాగినా లెక్క అడగని ఉత్త టీ. ఈ మోహింగా తినందే బర్మావాడికి తెల్లవారదు. ఆ పేటలో వాళ్ళకి తెల్లవార్చేది లే న్వే.

నోరు పెద్దది. పెళ్ళి చేసుకోలేదు. ఎవరైనా అడిగితే, "ఈ కుండని కట్టుకున్నాను, ఇది తాగొచ్చి తన్నదు" అనేది. బ్యాంకాక్ వచ్చిన కొత్తలో షెడ్డులో రొయ్యలు ఒలిచింది, వేళ్ళు పాచిపోతే మానేసి కావడిలో కుండ పెట్టుకుని వీధులు తిరిగింది. ఆ తరవాతే ఈ గది. గది ఆవిడ పేరున లేదు. పరాయి దేశంవాళ్ళ పేరున ఇవ్వరు కాబట్టి పక్కింటి వన్పెన్ పేరున తీసుకున్నారు.

వన్పెన్ ఇక్కడి మనిషే. బట్టలు కుట్టేది. మొగుడు వదిలేసి పోయినప్పుడు పొయ్యిలో పిల్లి లేవని రోజుల్లో లే న్వే గిన్నెలోంచే తిన్నది. "అక్కా" అని పిలిచేది. ఒంటరి మనుషుల బలహీనత ఎక్కడుంటుందో అలాంటివాళ్ళకి బాగా తెలుసు. వన్పెన్ అక్కా అన్నదంటే లే న్వే చేతిలో ఉన్న బజ్జీ కూడా ఇచ్చేసేది.

ఇలా నడుస్తుండగా కొత్త మేడల్లో ఉండే ధనవత్ అనే థాయ్ కుర్రాడు వచ్చాడు. మంచివాడు, ఆ మాట ఒప్పుకోవాలి. "వలస వచ్చినవాళ్ళ కొట్లు మూతపడకూడదు, మన పేటవాళ్ళమే తిని నిలబెట్టాలి" అని పట్టుబట్టి ప్రతి ఆదివారం స్నేహితుల్ని గుంపుగా వెంటేసుకొచ్చేవాడు. ఒకవారం నేపాలీ కొట్టు, ఒకవారం కంబోడియావాళ్ళ కొట్టు, రెండు వారాలకోసారి లే న్వే దగ్గర. వచ్చినవాళ్ళు పులుసుతో పాటు ఆవిడ కథ కూడా జుర్రుకునేవాళ్ళు. రొయ్యల షెడ్డు సంగతి చెబితే కళ్ళు తుడుచుకునేవాళ్ళు. ఆవిడకి అది నచ్చింది. ఇన్నేళ్ళకి తనని ఈ ఊరు చూసిందనుకుంది.

ఏప్రిల్ వచ్చింది. కొత్త సంవత్సరం పండగ. ఆ పండక్కి బర్మా ఆడవాళ్ళు గుండు చేయించుకుని, గులాబీరంగు బట్టలు కట్టుకుని కొన్నాళ్ళు మఠంలో ఉంటారు. పండగ వెళ్ళగానే ఆ బట్టలు తిరిగిచ్చేసి ఎవరి పనుల్లో వాళ్ళు పడతారు. అదో పుణ్యం, ఓ విశ్రాంతి. ఇక్కడి ఆడవాళ్ళు అలా చెయ్యరు. నాలుగు రోజులు తెల్లబట్ట కట్టి గుళ్ళో పడుకుంటారు గాని జుట్టు జోలికి పోరు. గుండు దాకా వెళ్ళారంటే ఇక ఇల్లు వదిలేసినట్టే లెక్క. ఈ తేడా వన్పెన్‌కి తెలుసు. లే న్వే స్వయంగా చెప్పింది.

"పండగ రోజుల్లో కొట్టు మూస్తే మనవాళ్ళు పస్తులుంటారే. నువ్వు చూసుకో" అంది.

"నాకేం వచ్చక్కా? నా పులుసు కుక్క కూడా ముట్టదు."

"నేర్పుతాను రా."

అంతవరకూ లే న్వే తల్లి తప్ప ఎవరూ చూడని పని అది. చేపని ముల్లు లేకుండా చేత్తో విడదీసి, పసుపులో పచ్చివాసన చచ్చేదాకా ఎలా వేయించాలో, వేయించిన బియ్యప్పిండి ఎప్పుడు పడాలో, అరటిదూట ఎంతసేపు ఉడకాలో అన్నీ చూపించింది. చివర్న గరిటె వన్పెన్ చేతిలో పెట్టి, "ఇక నీదే" అంది. మఠానికి వెళ్ళేముందు వాళ్ళలో అంతా వదులుకుంటున్నట్టే మాట్లాడతారు, అది మర్యాద. జుట్టు తీసేటప్పుడు నేల మీద పడకుండా అయినవాళ్ళు తెల్లగుడ్డ పట్టుకోవాలి. లే న్వేకి ఎవరున్నారు? వన్పెనే పట్టుకుంది, ఏడుస్తూ. గులాబీబట్టలు కట్టాక ఫోటో కూడా తీసింది.

ఆ మఠంలో లే న్వే ఎన్నడూ లేనంత హాయిగా నిద్రపోయింది. వెనక చెల్లెలుందన్న ధైర్యం.

తిరిగొచ్చింది ఆదివారం. బట్టలు మఠంలో ఇచ్చేసి, తన లుంగీ కట్టుకుని, బోడిగుండు మీద ఎండ చురుక్కుమంటుంటే సందు మలుపు తిరిగింది. కొట్టుకి బోర్డు ఉంది. దాని మీద గుండుతో, గులాబీబట్టల్లో తన బొమ్మే. కింద థాయ్ అక్షరాలు: లే న్వే అక్క దీవెనలతో, వన్పెన్.

ధనవత్ గుంపు పీటల మీద కిటకిటలాడుతోంది. ఆవిడని చూడగానే అంతా లేచి చేతులు జోడించారు. ఎవరో దారి ఇచ్చారు, ఎవరో వంగి దండం పెట్టారు. లే న్వే ఎవర్నీ చూడలేదు. తిన్నగా పొయ్యి దగ్గరికి పోయి, గరిటె ముంచి, అరచేతిలో వేసుకుని నాకింది.

ఒక్క లోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది ఆవిడకి.

"లేవవే, నా పొయ్యి దగ్గర్నుంచి" అంది వన్పెన్‌తో.

"అక్కా, కూర్చో. అందరూ చూస్తున్నారు."

"చూడనీ! వాళ్ళూ తెలుసుకుంటారు."

ధనవత్ కంగారుగా ముందుకొచ్చాడు. "పెద్దమ్మా, మీరు ఇలా బయటికి రావచ్చా?"

"రావచ్చా ఏమిటి నాయనా, వచ్చేశాను. మా ఆడవాళ్ళు ఏటా పండక్కి చేసేదే ఇది. దీనికి చెప్పే వెళ్ళాను."

ధనవత్ వన్పెన్ వైపు తిరిగాడు. "ఇక రారన్నారు కదా మీరు?"

వన్పెన్ కళ్ళమ్మట నీళ్ళు టపటపా రాల్చింది. కన్నీళ్ళు ఆవిడకి కుళాయి తిప్పినంత సులువు. "గరిటె నా చేతిలో పెట్టి ఇక నీదే అన్నది ఎవరు? అన్లేదేమో అడగండి. గుండు చేయించుకున్న మనిషి మాట మారుస్తుందని నేనెలా అనుకుంటాను? మనలో ఎవరైనా మారుస్తారా?"

గుంపు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుంది. వాళ్ళలో మార్చరు మరి. గది చూస్తే వన్పెన్ పేరున ఉంది. ధనవత్ మెడ గోక్కున్నాడు. "పెద్దమ్మా, మీ త్యాగం గురించి మేం ఊరంతా చెప్పుకున్నాం. మీ ఆచారం మాకు తెలీదు. మీవాళ్ళు ఎవరైనా చెబితే..."

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని లే న్వేకి అప్పటికి తెలిసింది. అయినా ఒక ఆశ మిగిలింది. మూల పీట మీద పౌక్ కూర్చుని ఉన్నాడు. చేపలు కోసి కొట్టుకి ఇచ్చేవాడు. దావేలో ఇద్దరిదీ ఒకటే వీధి. జ్వరంతో పడున్నప్పుడు వాడికి గంజి పోసింది లే న్వే. వాళ్ళమ్మా లే న్వే తల్లీ ఒకే మఠంలో, ఒకే చాప మీద కూర్చుని గుండ్లు చేయించుకునేవాళ్ళు.

"ఒరే పౌక్, నువ్వు చెప్పు. మన ఆడవాళ్ళు పండక్కి గుండు చేయించుకుని మళ్ళీ ఇంటికొస్తారా, రారా?"

పౌక్ తల ఎత్తి ముందు వన్పెన్‌ని చూశాడు. వాడు ఉంటున్న అద్దెగదికి పూచీ ఆవిడే. వన్పెన్ ఏడుపు ఆపి వాడి వంకే చూస్తోంది. వాడు తేలు కుట్టిన దొంగలా చూపు గిన్నెలోకి దించాడు.

"నాకు సరిగ్గా తెలీదక్కా" అన్నాడు థాయ్‌లో. "మీ ఇంట్లో ఉందేమో. మావైపు చూళ్ళేదు."

దావే మనిషి దావే మనిషితో థాయ్‌లో మాట్లాడాడు. వన్పెన్ చేసింది దొంగతనం, దాన్ని తిట్టొచ్చు, కేకలు పెట్టొచ్చు. వీడు చేసినదానికి పేరే లేదు. ధనవత్ తల దించుకున్నాడు. గుంపులో ఒకమ్మాయి ఆవిడ కోసం కుర్చీ తెచ్చి వేసింది, చాలా గౌరవంగా.

లే న్వే కూర్చోలేదు. పౌక్ ముందున్న గిన్నె వైపు చూసింది. సేమ్యా ఉబ్బిపోతోంది.

"తిను" అంది వాడితో, తమ భాషలో. "చల్లారితే నీచు కొడుతుంది."