హాస్టల్ చెక్క

మా అత్తగారు కూర్చోవడానికి నేను స్వహస్తాలతో ఒక బెంచీ చేశాను. ఆవిడ దానికి దణ్ణం పెట్టారు. ఈ రెండు వాక్యాల మధ్య నా పరువు పోయిన వైనం చెబుతాను, నవ్వుకోండి.

బెళ్ళందూరులో మా ఫ్లాటు బాల్కనీ అప్పటికే వడ్రంగి కొట్టం. వీడియోలు చూసి నేర్చిన విద్య. ఉత్సాహం ఎంతంటే, మీటింగు నడుస్తుండగా మైకు ఆపేసి చిత్రిక పట్టేవాణ్ణి. నా భార్య లతకు బట్టలారేసే చోటు లేకుండా పోయింది. హిందూపురం నుంచి వాళ్ళమ్మ వస్తున్నారనగానే షరతు పెట్టింది. "అమ్మ నీ బెంచీమీద కూచొని బాగుండాదంటే బాల్కనీ నీది. లేదంటే ఈ రంపాలన్నీ దిగిపోవాల."

నేను సోఫాను వాచ్‌మన్‌కి ఇచ్చేశాను. నమ్మకమంటే అదీ!

వర్తూరులో పడగొట్టిన ఇళ్ళ కలప అమ్మే దుకాణంలో ఒక టేకు చెక్క కనబడింది. నిగనిగలాడుతోంది, బరువుగా ఉంది, నా గుండె ఆగినంత పనైంది. ఎక్కడిదని అడిగితే ఆ పెద్దాయన కన్నడంలో "హొస్తిల్ మర సార్" అన్నాడు. 'మర' అంటే కలప అని నాకు తెలుసు. మిగిలింది 'హాస్టల్' అని నేనే అర్థం చేసుకున్నాను. నా కన్నడం మీద నాకంత గౌరవం.

ఇక చూడండి. చెక్క మధ్యలో అరిగిన పల్లం కనిపిస్తే, పాపం, పిల్లలు కూర్చుని చదువుకున్నారనుకున్నాను. ఉప్పుకాగితంతో ఎంత రుద్దినా పోని పసుపు మరకను చూసి, హాస్టల్ పప్పు అంతే, వదలదని లతకు వివరించాను. నాలుగు కాళ్ళు బిగించి, పాలిష్ పెట్టి, ఆఫీసులో అందరికీ ఫోటోలు పంపాను. ఆనందంతో నిద్ర పట్టలేదు.

అత్తగారు వచ్చారు. "కూర్చోండత్తయ్యా, హాస్టల్ చెక్క" అన్నాను. ఆవిడ వంగి చూశారు. మరకను వేలితో తడిమారు. వేలు కళ్ళకద్దుకుని నేలమీద చతికిలబడ్డారు.

"దీన్ని అమ్మినాయప్ప ఏమన్న్యాడప్పా?"

చెప్పాను.

"హొస్తిలంటే గడపప్పా. ఎవురింటి లక్ష్మో ఏమో, పసుపు గూడా పోలేదు. దీనిమీద కూచోమంటాండావా?"

లత నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పారిపోయింది. నాకు భూమి చీలితే బాగుండుననిపించింది, కానీ మాది నాలుగో అంతస్తు. అత్తగారే జాలిపడ్డారు.

"మీ ఇంటికి గడపే లేదు గదా. కాళ్ళు కోసేసి వాకిట్లో పెట్టు. చెక్క మాత్రం శానా బాగ చేసినావు."

నేను బిగించిన కాళ్ళు నేనే కోశాను. గుమ్మంలో అమర్చగానే ఆవిడ పసుపు రాసి, బొట్లు పెట్టి మురిసిపోయారు. లత తీర్పు చెప్పింది: అమ్మ మెచ్చుకుంది గానీ కూర్చోలేదు కాబట్టి బాల్కనీ సగమే నాది. ఇప్పుడు ఆరేసిన చీరల కింద వంగి చిత్రిక పడుతున్నాను. ఇంటికొచ్చినవాళ్ళు గడపను పొగిడి, నేలమీద కూర్చుంటున్నారు.

అందుచేత, ఇకపై ఏ చెక్క పూర్వాశ్రమంలో ఏం చేసేదో అత్తగారికి ఫోన్ చేసి కనుక్కోకుండా దానిమీద ఉలి పెట్టనని ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. గడపకు ఇవతలే నిలబడి చేస్తున్నాను. తొక్కితే ఆవిడ ఊరుకోరు.