జయకుమారి టీచరు, వెలగని ఎర్ర దీపం

జయకుమారికి యాభై ఒకటో ఏట కారు స్టీరింగు పట్టుకోవాల్సి వచ్చింది. ముచ్చటపడి పట్టుకున్నది కాదు. భర్త ప్రసన్నకుమార్ కరెంటు సబ్‌స్టేషన్‌లో ఆపరేటరుగా చేసి, ఆరోగ్యం బాగోలేక ముందుగానే రిటైర్మెంటు తీసుకున్నాడు. పన్నెండేళ్ళుగా ఉన్న షుగరు చివరికి కళ్ళ మీదికి వచ్చింది. గుంటూరులో డాక్టరు పరీక్ష చేసి, నెలకో ఇంజెక్షను రాసి, "ఇక మీరు బండి నడపకండి. ఎదురుగా ఉన్నది కనపడుతుంది గానీ పక్కనుంచి వచ్చేది మీకు తెలియదు" అని తేల్చేశాడు.

ఆ రోజు నుంచీ చిలకలూరిపేటలో వాళ్ళ ఇంటి ముందు రేకుల షెడ్డులో తెల్ల కారు కదలకుండా ఉండిపోయింది. మూడేళ్ళ కిందట సెకండ్‌హ్యాండులో కొన్న కారది. ఒక్కగానొక్క కూతురు మహిమ ఒంగోలులో నర్సింగు చదువుతోంది. జయకుమారి హైస్కూల్లో సైన్సు టీచరు. సరిగ్గా ఆ వేసవిలోనే ఆమెను పర్చూరు వైపు లోపలి ఊరికి బదిలీ చేశారు. పొద్దున్నే రెండు బస్సులు మారి, ఆటో ఎక్కితే గానీ ప్రార్థన గంటకు అందుకోలేదు.

"డ్రైవర్ని పెట్టుకుందాం కుమారీ" అన్నాడు ప్రసన్నకుమార్.

"అతనొస్తాడా రాడా అని రోజూ గుమ్మంలో నిలబడే ఓపిక నాకు లేదండీ. నేనే నేర్చుకుంటా."

"ముందు గేటు దాటించి చూపించు, చాలు" అని నవ్వాడు.

ఊళ్ళో ఆడవాళ్ళకు డ్రైవింగు నేర్పేది నస్రత్ ఒక్కతే. ముప్పై దాటని మనిషి. లారీ నడిపే తండ్రి పక్కన కూర్చుని నేర్చుకుని, ఇప్పుడు తనే ఒక పాత కారుతో స్కూలు నడుపుతోంది. మొదటి రోజు ఆమె ఇంజిన్ స్టార్టు చెయ్యనివ్వలేదు.

"తాళం ఒక్క మెట్టు తిప్పి ఆగండి మేడమ్. ఇప్పుడు ఎదురుగా చూడండి."

స్టీరింగు వెనక మీటర్ బోర్డంతా ఎర్రగా, పచ్చగా వెలిగింది. జయకుమారి చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఇన్ని లైట్లేంటమ్మా? అన్నీ చెడిపోయాయా?"

"కాదు మేడమ్. బండి తన ఒళ్ళు తాను చూసుకుంటోంది. అన్నీ ఒకసారి వెలగాలి. కొన్ని నాలుగు సెకన్లలో ఆరిపోతాయి, కొన్ని ఇంజిన్ స్టార్టయ్యాక ఆరతాయి. హ్యాండ్‌బ్రేకుది మీరు దించేదాకా ఉంటుంది. బయల్దేరాక ఎరుపు కనపడితే పక్కకు ఆపెయ్యాలి. పసుపైతే కంగారు లేదు, నిదానంగా పోయి మెకానిక్కుకి చూపించుకోవాలి. ఆకుపచ్చా, నీలమూ అయితే మీరే ఏదో వేసి ఉంచారని చెప్తన్నయ్, అంతే."

జయకుమారి ఇంటికెళ్ళి నోటుబుక్కు తీసి ఒక్కో బొమ్మా గీసి, పక్కన దాని రంగూ పనీ రాసుకుంది. తమ కారు అరలో ఉన్న, బండితో పాటు కంపెనీ ఇచ్చిన పుస్తకాన్ని ప్లాస్టిక్ కవరు చింపి బయటకు తీసింది. మూడేళ్ళలో దాన్ని ఎవరూ విప్పలేదు. ఇంగ్లీషు పుస్తకమే అయినా బొమ్మలకు కొదవ లేదు. సాయంత్రాలు చెట్నీకి వేరుశనగకాయలు వొలుస్తూ అది చదివేది.

చదివిన కొద్దీ ఒక్కొక్కటీ బయటపడింది. స్టీరింగుకి కుడిపక్కన సున్నా నుంచి మూడు దాకా అంకెలున్న చిన్న చక్రం ఒకటుంది. అది హెడ్‌లైట్ల ఎత్తు సరిచేసేది. వెనక బరువు ఎక్కించినప్పుడు లైట్లు పైకి లేచి ఎదుటివాళ్ళ కళ్ళల్లో పడకుండా కిందికి దించుకోవడానికి. వాళ్ళ కారులో అది మూడు మీద ఉంది.

"అది ఏసీదనుకున్నా" అన్నాడు ప్రసన్నకుమార్. ఈ బండికి లైట్లు చాలవు, రోడ్డు కనపడదు అని ఆయన మూడేళ్ళూ విసుక్కుంటూనే నడిపాడు. జయకుమారి దాన్ని సున్నాకు తిప్పింది. సీటు వెనక తల ఆనించుకునే దిండు మెడ దగ్గర ఉంటే ఉపయోగం లేదని, సరిగ్గా తలకు వెనక ఉండాలని చదివి, ముందు సీట్లవి రెంటినీ పైకి లాగింది. సీటుబెల్టు పెట్టుకోకపోతే కూసే బీప్ శబ్దం ఆ కారులో వినపడకపోవడానికి కారణం కూడా దొరికింది. బెల్టు గుచ్చే చోట ఆయనే ఒక ఇనుప బిళ్ళ గుచ్చి ఉంచాడు.

"అది తియ్యొద్దు, చెవులు తినేస్తది" అన్నాడాయన. ఆమె తీసి ఆయన చేతిలో పెట్టింది.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చాక షెడ్డులోనే కూర్చుని తాళం ఒక మెట్టు తిప్పింది. నోటుబుక్కు ఒళ్ళో పెట్టుకుని ఒక్కో దీపానికీ టిక్కు పెట్టుకుంటూ పోయింది. బ్యాటరీ, ఆయిలు, బ్రేకు, ఇంజిన్ అన్నీ ఉన్నాయి. కూర్చున్న మనిషి, అతని ఛాతీ ముందు గుండ్రటి బంతి ఉండే ఎర్ర బొమ్మ ఒక్కటే లేదు. ఎయిర్‌బ్యాగ్‌ది. తాళం ఆపి మళ్ళీ తిప్పింది. నాలుగుసార్లు తిప్పినా అక్కడ నల్లగానే ఉంది.

"అది వెలిగితే కదా భయపడాల్సింది? వెలగకపోతే మంచిదేగా" అన్నాడు ప్రసన్నకుమార్ బయట కుర్చీలోంచి.

"బాగుంటే ఒకసారి వెలిగి ఆరాలి. బాగోకపోతే వెలిగే ఉండాలి. ఇది రెండూ చెయ్యట్లేదండీ. ఎవరో దీని నోరు నొక్కారు."

నస్రత్‌కి ఫోన్ చేసింది. "వెలిగి వెంటనే ఆరిపోతోందేమో చూశారా మేడమ్?" అని ఆమె రెండుసార్లు అడిగి, "అయితే ఇమాం హుస్సేన్ భాయ్‌కి చూపించండి. అంతవరకు ఆ బండి రోడ్డెక్కించకండి" అంది. మర్నాడు నస్రతే వచ్చి కారును మెల్లగా బైపాసు పక్కనున్న ఆయన షెడ్డుకి చేర్చింది. భార్యాభర్తలిద్దరూ ఆటోలో వెనకే వెళ్ళారు.

ఇమాం హుస్సేన్ కార్ల వైరింగు పని ముప్పై ఏళ్ళుగా చేస్తున్నాడు. మాట తక్కువ. మీటరు విప్పి బల్ల మీద పెట్టి, లోపలి నుంచి గోటితో చిన్న నల్ల టేపు ముక్క పీకి చూపించాడు. ఆ బొమ్మ మీద కొలిచి అతికించినట్టుంది. తర్వాత బ్యాటరీ వైరు తీసేసి, "పది నిమిషాలు ఆగాలి సార్, లేకపోతే ప్రమాదం" అని టీ తెప్పించాడు. టీ అయ్యాక స్టీరింగు మధ్యలోని మూత ఊడదీశాడు. లోపల మడత పెట్టిన సంచీ ఉండాల్సిన చోట పసుపుపచ్చని స్పాంజి ముక్క ఉంది.

"ఈ బండి మీకంటే ముందు గట్టిగా గుద్దుకుంది సార్. అప్పుడే ఇవి పేలిపోయినయ్. మళ్ళీ కొత్తవి వెయ్యకుండా మూతలు అతికించి అమ్మేశారు. ఎడమవైపుదీ అంతే, పైన మూత, లోపల ఖాళీ."

ప్రసన్నకుమార్ అక్కడే ఉన్న పాత టైరు మీద కూర్చుండిపోయాడు. మూడేళ్ళలో ఎన్నిసార్లు మహిమను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని ఒంగోలు వెళ్ళాడో! హైవే మీద వంద దాటించి, "చూశావా, బండి ఎట్టా పోతందో" అని మురిసిపోయిన రోజులున్నాయి. బెల్టు కూడా లేదు. జేబులో ఉన్న ఇనుప బిళ్ళ తీసి ఇమాం హుస్సేన్ చెత్తడబ్బాలో వేశాడు.

"బండి అమ్మిన సంజీవరావు తెలిసినవాడని ఇంకేమీ చూడలేదు కుమారీ" అన్నాడు.

ఆమెకు కోపం వచ్చింది గానీ, ఆయన ముఖం చూశాక ఆ కోపం ఆయన మీద చూపించబుద్ధి కాలేదు. "రెండో శనివారం గుంటూరు పోదాం" అంది.

సంజీవరావు గుంటూరు శివార్లలో పాత కార్లు అమ్ముతాడు. ప్రసన్నకుమార్ పాత కొలీగు బావమరిది. ఇద్దరూ బస్సులో వెళ్ళి, స్పాంజి ముక్కను, టేపు ముక్కను అతని బల్ల మీద పెట్టారు. అతను వాటిని చూసీ చూడనట్టు చూశాడు.

"మూడేళ్ళయినాక వచ్చి అడిగితే ఎట్టా అన్నా? నేనూ ఇంకొకరి దగ్గర కొన్నదేగా. నాకేం తెలుసు?"

"తెలియదంటే ఒప్పుకుంటామండీ" అంది జయకుమారి. "ఇప్పుడు మీ దగ్గరున్న బళ్ళు ఒకసారి చూడొచ్చా?"

మాట మారిందని సంజీవరావు సంతోషపడ్డాడు. "చూడండి మేడమ్. తాళాలు వాటికే ఉన్నయ్."

వరసగా తొమ్మిది కార్లున్నాయి. ఆమె మొదటిదాంట్లో కూర్చుని తాళం ఒక మెట్టు తిప్పింది, చూసింది, దిగింది. రెండోది. మూడోది. ప్రత్తిపాడు వైపు నుంచి వచ్చిన వెంకయ్య అనే మిరప రైతు, భార్యతో కలిసి బూడిదరంగు కారు చుట్టూ తిరుగుతున్నాడు. పంట బాగా వచ్చిన సంవత్సరం. ఈ టీచరమ్మ స్టార్టు చెయ్యకుండానే బళ్ళెక్కి దిగుతుంటే అతనికి అనుమానమొచ్చింది.

"ఏందమ్మా నువ్వు చూసేది?"

ఆమె అతనికి పిల్లలకు చెప్పినట్టే చెప్పింది. ఏది వెలగాలి, ఏది ఎప్పుడు ఆరాలి, వెలగకపోతే లోపల ఏముండొచ్చు. వెంకయ్య భార్య కూడా దగ్గరకొచ్చి వింది.

"అట్టయితే మేం చూసుకున్న బండి కూడా చూసిపెట్టమ్మా."

బూడిదరంగు కారులో అన్నీ వెలిగాయి, ఎయిర్‌బ్యాగ్ బొమ్మ తప్ప. వెంకయ్యే వంగి, తాళం తనే రెండుసార్లు తిప్పి చూసుకున్నాడు. తర్వాత నడుచుకుంటూ వెళ్ళి తాళం సంజీవరావు బల్ల మీద పెట్టాడు.

"ఆ బొమ్మ వెలిగినాక ఫోన్ చెయ్ సంజీవరావూ. నా పిల్లలు ఎక్కే బండి."

అప్పటికి ఇంకో ఇద్దరు కొనేవాళ్ళు కూడా ఏమిటేమిటని దగ్గరకొచ్చారు. ఆరో కారు తలుపు మీద చెయ్యి వేసి ఉన్న జయకుమారి దగ్గరకు సంజీవరావు పరుగులాంటి నడకతో వచ్చి గొంతు తగ్గించాడు.

"మేడమ్, దణ్ణం పెడతా. మీ బండి పంపించండి. కంపెనీ షోరూములోనే కొత్తవి వేయిస్తా. ఇంక చాలించండి."

"ఆ బూడిదరంగు దానికీ వేయించండి. లేకపోతే దాంట్లో లేవని చెప్పి అమ్మండి. ఈ మాట కాగితం మీద రాసివ్వండి."

రాసిచ్చాడు. రోడ్డు మీదికి వచ్చాక ఆమె ఆ కాగితాన్ని ఇంకోసారి చదివి బ్యాగులో పెట్టుకుంది. క్లాసు బయట ఎవరితోనూ అలా మాట్లాడిన మనిషి కాదు. ప్రసన్నకుమార్ చెరకురసం బండి దగ్గర ఆపి గ్లాసు అందించాడు. "నువ్వు అరుస్తావనుకున్నా" అన్నాడు. "అరిచే పని పడలేదుగా" అని గుక్క తిప్పుకోకుండా తాగేసింది.

సామాను రావడానికి నెల పైన పట్టింది. సంజీవరావు రెండుసార్లు ఫోన్ ఎత్తలేదు. మూడోసారి నస్రత్ ఫోన్ నుంచి చేస్తే ఎత్తాడు. చివరికి వేయించాడు. కారు తిరిగొచ్చాక ఇమాం హుస్సేన్ తన మిషను పెట్టి పరీక్షించి సరేనన్నాడు. ఆ రోజు ఎర్ర బొమ్మ వెలిగి, నాలుగు సెకన్లకు ఆరింది. ఈలోగా జయకుమారికి లైసెన్సూ వచ్చింది. మొదటి వారం బడికి వెళ్ళేటప్పుడు ముప్పై దాటలేదు. పత్తి ట్రాక్టరు కూడా ఆమెను దాటుకుని పోయింది. అర్ధసంవత్సరం పరీక్షలు వచ్చేసరికి అలవాటు పడింది. తోటి టీచర్లు ఇద్దరు ఆమె కారులోనే రావడం మొదలుపెట్టారు. వెనక సీట్లోవాళ్ళు బెల్టు పెట్టుకోకపోతే బండి కదిలేది కాదు.

ఫిబ్రవరి చివర్లో ఇంజెక్షను రోజున భర్తను ఎక్కించుకుని గుంటూరు బయల్దేరింది. యడ్లపాడు దాటాక రోడ్డు పని జరుగుతున్న చోట కారు కింద ఏదో ఠంగుమని తగిలింది. రెండు నిమిషాలకు మీటరు మీద ముక్కున్న నూనె డబ్బా బొమ్మ ఎర్రగా వెలిగింది. ఆమె నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి వేసి, ఎడమకు తీసి, ఇంజిన్ ఆపేసింది.

"ఎందుకాపావు? బోయపాలెం దగ్గరే. అక్కడ మెకానిక్కుంటాడు, పోనీ" అన్నాడు ప్రసన్నకుమార్. "పదకొండింటికి డాక్టరు."

"ఆయిల్ లైటండీ. ఇంజిన్ ఉంటే రేపైనా పోవచ్చు."

ఆయనకు ఆ బొమ్మ మసకమసగ్గా కనపడింది. ఆమె డిక్కీలోంచి ఎర్ర త్రికోణం తీసి యాభై అడుగులు వెనక పెట్టి వచ్చింది. రోడ్డు పక్క కళ్ళంలో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఆడవాళ్ళు ముక్కులకు కొంగులు కట్టుకుని తాలుకాయలు ఏరుతున్నారు. ఘాటుకు ప్రసన్నకుమార్ తుమ్ముతుంటే, వాళ్ళలో పెద్దామె ఎలీసమ్మ నీళ్ళ సీసా తెచ్చిచ్చింది.

"బండి చెడిందా అమ్మా?"

"చెడకముందే ఆపామమ్మా."

గంటకు యడ్లపాడు నుంచి మోటారుసైకిలు మీద మెకానిక్ వచ్చి, కారు కింద దూరి, చెయ్యంతా నల్లగా చేసుకుని లేచాడు. రాయి తగిలి ఇంజిన్ కింద ఆయిలుండే పళ్ళేనికి చిల్లుపడింది, ఆయిలు మొత్తం కారిపోయింది. "ఇంకో రెండు కిలోమీటర్లు పోనిచ్చుంటే ఇంజిన్ పట్టేసేది సార్. సగం కారు కొత్తది కొన్నంత పని" అన్నాడు.

ప్రసన్నకుమార్ ఆసుపత్రికి తనే ఫోన్ చేశాడు. "ఈ రోజు రాలేమండీ. లేదు, నేను బాగానే ఉన్నా. బండి ఆపాల్సొచ్చింది. మా ఆవిడ నడుపుతోంది" అని, అవతలివాళ్ళు అడక్కపోయినా రెండోసారి కూడా ఆ చివరి మాట చెప్పాడు. వాళ్ళు మర్నాటికి టైమిచ్చారు. కారును తాడు కట్టి యడ్లపాడు చేర్చారు. మర్నాడు ఇద్దరూ బస్సులో వెళ్ళి ఇంజెక్షను చేయించుకొచ్చారు. చూపు ఇంతకుమించి తగ్గలేదని, ఇలాగే నిలబెట్టుకోవచ్చని డాక్టరు చెప్పాడు.