రోజుకో కాలరు

మాది కొనకనమిట్ల పక్కన చిన్న పల్లె. వానలు మొహం చాటేసి చేను బీడు పడితే నాయన మమ్మల్ని తీసుకొని మార్కాపురం వచ్చి, పలకల గనిలో పనికి కుదిరినాడు. ఊరి చివర పాలెంలో కొట్టం వేసుకున్నాం. అమ్మ కూలికి పోయేది. కూలి దొరకని రోజుల్లో మిషను దొరసాని బంగళా ఊడ్చి నీళ్లు మోసేది. ఆ దొరసాని దగ్గరే సూదిపని, లేసు అల్లడం నేర్చుకుంది. అప్పటికి ఆంధ్ర రాష్ట్రం వచ్చి కొత్త. కర్నూలు రాజధాని, అప్పట్లో మార్కాపురమూ కర్నూలు జిల్లానే. ఆడపిల్లలను చదివించండని పాస్టరుగారు ఇంటింటికీ తిరిగి చెప్పినాడు. ఆయన మాట మీద నాయన నన్ను హైస్కూల్లో చేర్చినాడు. మా పాలెం నుంచి ఆ బడికి పోయే ఆడపిల్లను నేనొక్కదాన్నే.

బడికి వేసుకపోవడానికి నాకు ఒకటే తెల్ల జాకెట్టు. సాయంత్రం వస్తూనే విప్పి ఉతికి దండెం మీద వేసేదాన్ని. వానాకాలంలో ఆరేది కాదు. చంకల దగ్గర తడి అట్లనే ఉండగా వేసుకొని పోయేదాన్ని. అన్నిటికంటే ఎక్కువ నలిగింది దాని మెడ. అంచు చిరిగి దారాలు లేచి, అమ్మ ఎన్నిసార్లు మడిచి కుట్టినా మళ్లీ అంతే.

ఒకరోజు దొరసాని పాత గౌన్లేవో అమ్మకిచ్చింది. పిల్లల గౌన్లు, నాకు పట్టవు. అమ్మ వాటి కాలర్లు మాత్రం ఊడదీసి, నా మెడకు సరిపోయేటట్టు అతుకులేసి, కింద టిచ్ బటన్లు కుట్టింది. జాకెట్టు మెడ చుట్టూ పై వైపు ఆ బటన్ల జోడు కుట్టింది. వేలితో నొక్కితే టక్కున అతుక్కుంటుంది, లాగితే ఊడొస్తుంది.

"సోమవారం ఇది, మంగళవారం ఇది. చూసేవాళ్లకు జాకెట్టే మారినట్టు ఉంటది పాపా" అనింది అమ్మ.

ఆ తర్వాత అమ్మకు అదే ధ్యాస అయింది. నాయన చిరిగిన లుంగీలో గట్టిగా ఉన్న ముక్కతో నీలం గళ్ల కాలరు కుట్టింది. ఎవరో పారేసిన ఎర్ర గుడ్డకు చుట్టూ తెల్ల దారంతో అల్లిక వేసింది. గంజి పెట్టి, చెంబులో నిప్పులు పోసి ఇస్త్రీ చేసేది. బడిలో ఆడపిల్లలు నా మెడ వైపు చూసేవాళ్లు. ఎవరు కుట్టినారని అడిగితే మా అమ్మ అని చెప్పేదాన్ని. ఎన్ని జాకెట్లున్నాయని ఎవరూ అడగలేదు. అడుగుతారేమోనని మాత్రం రోజూ భయపడేదాన్ని. ఆటల గంటలో ఎవరన్నా వెనక నుంచి వచ్చి మెడ చుట్టూ చెయ్యేస్తే విదిలించుకొని దూరం జరిగేదాన్ని.

ఆ ఏడు బడి వార్షికోత్సవానికి కర్నూలు నుంచి ఇన్‌స్పెక్టరమ్మ వస్తోందన్నారు. ఆమెకు దండ వెయ్యడానికి మంచి బట్టలున్న ఆడపిల్ల కావాలి. మా టీచరమ్మ క్లాసంతా కలయజూసి నన్ను లేపింది.

"ఈ పిల్లే. రోజుకో కొత్త జాకెట్టు వేసుకొస్తది" అనింది.

తల ఊపి కూర్చున్నాను. ఇంటికొచ్చి అమ్మతో చెప్తే అమ్మ ముఖం విచ్చుకుంది. ఉన్న కాలర్లేవీ దీనికి పనికిరావంది. పొద్దున్నే కూలికి పోయే ముందు, వచ్చినాక వంట పొయ్యి పక్కన కూర్చొని, పూల రేకుల్లాగా వంపులు తిరిగిన పెద్ద లేసు కాలరు అల్లింది. రేకు చివరలకు తెగిన పూసల దండలోని తెల్ల పూసలు కుట్టింది. నా భుజాల మీద పరచి చూసి, నాయనను పిలిచింది. నాయన రాతిపొడి చేతులు తగలకుండా వెనక్కు కట్టుకొని చూసి, "దొరల బిడ్డ మాదిరుందే" అన్నాడు.

వార్షికోత్సవం రోజు పందిట్లో జనం నిండిపోయినారు. ముందు వరసలో ఊరి పెద్దలు, పక్కన మా క్లాసు ఆడపిల్లలు, వెనక మగపిల్లలు. అమ్మ పందిరి బయట నిలబడింది. ఇన్‌స్పెక్టరమ్మ బాగా పొడగరి. నా చేతికి జరీ దండ ఇచ్చినారు, సన్న తీగల మీద జిలుగులు చుట్టిన దండ. ఆమె వంగితే మునివేళ్ల మీద లేచి తల మీదుగా వేసినాను. ఆమె నిటారుగా లేచింది. ఆ లేవడంలో నా మెడ దగ్గర టక్, టక్, టక్ మని వినపడింది.

దండ తీగకు లేసు చిక్కుకుంది. కాలరు మొత్తం ఊడిపోయి ఆమె గుండెల మీద, దండకు వేలాడుతోంది.

ముందు ఎవరికీ అర్థం కాలేదు. నేను రెండు చేతులూ మెడకు అడ్డం పెట్టుకున్నాను. ఎంతని కప్పుతాను? చిరిగిన అంచు, మడిచి కుట్టిన కుట్లు, వాటి కింద తళతళమనే బటన్ల వరస. ముందు వరసలో రైస్‌మిల్లు వాళ్ల అమ్మాయి కూర్చొనుంది. నా క్లాసే. ఆ అమ్మాయి ఎగతాళికి కాదు, నిజంగానే ఆశ్చర్యపోయి, పైకే అనేసింది.

"అంటే ఉండేది ఒకటే జాకెట్టా?"

మగపిల్లలు గొల్లుమన్నారు. నవ్వు వెనక్కు, ఇంకా వెనక్కు పాకిపోయింది. ఇన్‌స్పెక్టరమ్మ నవ్వలేదు. కాలరును మెల్లగా విడిపించి, "ఏం కాలేదులేమ్మా, రా" అని నన్ను దగ్గరికి లాక్కొని, అంత మందిలో తానే తొడగబోయింది. ఆమెకు బటన్లు చిక్కలేదు. ఒకటి పెడితే ఇంకొకటి ఊడుతోంది. హెడ్‌మాస్టరు చేతిలో కాగితం పట్టుకొని కాచుకొని ఉన్నాడు. ఆమె వేళ్లు నా చిరుగుల మీద తడుముతుంటే, ఆ నవ్వినవాళ్లే నయమనిపించింది. ఆమె చేతిలోది గుంజుకొని పందిట్లోంచి బయటికి ఉరికినాను. అమ్మ ఎదురుగా నిలబడి ఉంది. అమ్మను దాటుకొని పోయినాను.

మరునాటి నుంచి కడుపు నొప్పని పడుకున్నాను.

"ఏంది? మనం ఎవరి సొమ్మన్నా ఎత్తుకొచ్చినామా, తలకాయ దించుకోను?" అని నాయన కేకలేసినాడు.

అమ్మ మాత్రం నా పక్కన కూర్చొని, "నాదే తప్పు పాపా. కొక్కేలు పెట్టింటే ఊడేది కాదు. నా కుట్టు నిన్ను నవ్వులపాలు చేసింది" అనింది.

అమ్మ సిగ్గుపడుతున్నది కుట్టు గురించి. ఒక్క జాకెట్టు ఉండడం గురించి ఆమెకు సిగ్గన్నదే తోచలేదు. అది తెలిసినాక నాకు ఇంకా చిన్నతనమనిపించింది. లేచి బడికి పోయినాను, కాలరు లేకుండా, చిరిగిన మెడతోనే. వెనక బెంచీలో కూర్చున్నాను. నా మెడ వైపు చూడకుండా ఉండడానికి క్లాసు పిల్లలు పడే తంటాలు నాకు కనపడేవి.

కొన్నాళ్లకు రైస్‌మిల్లు అమ్మాయి, వాళ్లింట్లో పనిచేసే ముసలామెను వెంటబెట్టుకొని మా కొట్టం దగ్గరికి వచ్చింది. కంచె దగ్గరే నిలబడి అమ్మను పిలిచింది.

"పెద్దమ్మా, ఆరోజు ఆ కాలరు ఇన్‌స్పెక్టరమ్మ దండ మీద ఎంత బాగుండిందో! నాకూ అట్లాంటిదే కుట్టి ఇస్తావా? పట్టు జాకెట్టు మీదికి" అంటూ దారం ఉండలు, పూసలు ముందుకు చాచింది.

అమ్మ సంబరపడింది. ఆ అమ్మాయిదీ నాదీ ఒకే కొలత. అందుకని అల్లినంత కాలం అమ్మ నన్నే నిలబెట్టి నా మెడ మీద పెట్టి చూసేది. పూర్తయిన రోజు ఆ అమ్మాయి వచ్చేసరికి కొత్త కాలరు నా పాత జాకెట్టు మీద ఉంది.

"భలే ఉంది" అని ఆ అమ్మాయి ఈసారి కంచె దాటి లోపలికొచ్చి, తానే నా మెడ మీంచి దాన్ని విప్పుకుంది. చేతులు మెత్తగా ఉన్నాయి. విప్పినాక నా వైపు చూసి చూపు తిప్పుకొని, కాలరు ఒడిలో పెట్టుకొని వెళ్లిపోయింది. నేను మెడ మీద చెయ్యి పెట్టుకొని అట్లనే నిలబడినాను. పక్కన అమ్మ మురిసిపోతోంది.

ఆ ఏడాది బడిలో కాలర్లే కాలర్లు. అన్నీ అమ్మ చేతివే. వాళ్లకది ముచ్చట. ఉన్న నాలుగు జాకెట్లకు తోడు ఇంకో అందం. అమ్మకు కూలి తగ్గి కుట్టుపని పెరిగింది. ఆ పని మీద వచ్చిన డబ్బుతోనే నాకు కొత్త గుడ్డ తీసి జాకెట్టు కత్తిరించింది.

"దీనికి ఏ కాలరు పెట్టమంటావు?" అని అడిగింది.

"వద్దు."

"అందరూ ఏసుకుంటా ఉంటే నువ్వెందుకే ఏసుకోవు?"

"మెడ చుట్టూ ఉక్కపోస్తది" అన్నాను.

అమ్మ నా ముఖంలోకి కాసేపు చూసింది. కత్తెర తీసుకొని, అప్పుడే కత్తిరించిన మెడను ఇంకొంచెం వెడల్పు చేసింది, గాలాడాలని.