ఉప్పలమ్మ ఎర్ర బుడగల ఆట

ఎర్రబోరు నుంచి వచ్చిన ఉప్పలమ్మకు నలభై దాటాక వీడియో గేము పిచ్చి పట్టిందంటే గని కాలనీలో మొదట ఎవరూ నమ్మలేదు. అన్నం గంటలో నీళ్ల ట్యాంకు చాటుకు పోయి, మొగుడి ఫోను పట్టుకుని, తెర మీద ఏ మూల లేస్తాయో తెలియని ఎర్ర బుడగల్ని వేలితో పొడిచేది. నల్లవి తాకితే ఆట పోతుంది. పోయినప్పుడు ఆమె తిట్టే తిట్లకు ట్యాంకు మీది కాకులు లేచేవి. ఒకసారి సంతలో పక్కామె చీర మీది ఎర్ర చుక్కను కూడా పొడిచిందంటారు, ఉప్పలమ్మ ఒప్పుకోదు.

పిచ్చికి కారణముంది. ఆమె పని, పరుగెత్తే బెల్టు పక్కన రెండో నంబరు చోట నిలబడి ఇనుపరాయిలో కలిసొచ్చే కట్టెలు, ఇనుప ముక్కలు ఏరడం. నిలబడీ నిలబడీ మోకాళ్లు అరిగాయి. పైన కెమెరా గదిలో కూర్చుని బెల్టును తెర మీద చూసే కుర్చీ ఒకటి ఖాళీ అయింది. తెర మీద మెరిసే చుక్కల్ని ఎవరు తొందరగా పట్టుకుంటే వాళ్లదే కుర్చీ, పరీక్ష పెడతామన్నారు గనివాళ్లు.

ఆట నిజంగానే పనిచేసింది. కళ్ల డాక్టరు అద్దాల నంబరేమీ మార్చలేదు. మారింది చూపు నడక. ఒకదాన్నే పట్టుకుని వేలాడకుండా, నడుమ నిలిచి అంచుల్ని కాచుకోవడం అలవాటైంది. ఆ కిటుకు పక్కనే పనిచేసే సోమ్లీకీ చెప్పింది. ఒక గిన్నెలో అంబలి తాగేవాళ్లకు దాపరికమేంది? సోమ్లీ మాత్రం, "నాకెందుకక్కా పరీక్ష, కుర్చీ నీదే" అంది. అంటూనే, ఊరికే సరదాకని రోజూ ఫోను అడిగి ఆడేది.

పరీక్షనాడు ఉప్పలమ్మ వెళ్లేసరికి సోమ్లీ పరీక్ష ముగించుకుని బయటికొస్తోంది. తల దించుకుని పక్కనుంచి పోయింది. కుర్చీ సోమ్లీకే దక్కింది.

సోమ్లీ పైకెక్కిన మొదటిరోజు ఉప్పలమ్మ బెల్టును వదిలేసి కెమెరానే చూస్తూ నిలబడింది. అంచుల్ని కాచుకునే చూపు ఆ గాజుకన్నుకు అతుక్కుపోయింది. కళ్లముందునుంచే మద్ది మొద్దు ఒకటి పెళ్లికొడుకులా సాగిపోయింది. బెల్టు ఆగింది. స్పీకరులో సోమ్లీ గొంతు, జాగ్రత్తగా చూడమని సార్ల హిందీలో:

"రెండో నంబర్, ధ్యాన్ రఖో."

అక్కా అనలేదు. పేరు పెట్టైనా పిలవలేదు.

సోమ్లీ చోటుకు కొత్తగా వచ్చిన దేవే అనే పిల్ల, ఆ గొంతెవరిదని అడిగింది. ఉప్పలమ్మ మొద్దును ఈడ్చి కింద పడేసి, ముక్కుగుడ్డ కళ్లదాకా లాక్కుంది.

"ఏమో పిల్లా. ఎవరో మేడమంట."