బయటి పిడి లేని తలుపు

నేను కొన్న పాత జీపుకు ఎడమ వెనక తలుపు మీద జానెడు గాటు ఉండేది. పుట్టీ పెట్టి రంగు కొట్టారు గానీ వేలితో తడిమితే తెలిసిపోయేది. అమ్మిన బ్రోకరు "గేదె కొమ్ము తగిలింది సార్" అన్నాడు. ముప్పై ఏళ్లు కర్నూలులోనూ కడపలోనూ దినపత్రికల్లో పనిచేసినవాణ్ణి. గేదె కొమ్ము తగిలితే రేకు లోపలికి సొట్టపోతుంది, వేటకొడవలి దిగితే చీలుతుంది. ఇలాంటి గాట్లున్న బండ్ల పక్కన నిలబడి చాలాసార్లు వార్త రాసుకున్నాను. బండి నచ్చింది కాబట్టి ఏమీ అనకుండా ఇంటికి తోలుకొచ్చాను.

అప్పటికి రిటైరై, నా భార్య పుట్టిన ఊరు మైదుకూరులో ఉంటున్నాం. పొద్దుపోక కొన్న బండి అది. పాత డీజిల్ బండ్లను సొంతంగా బాగుచేసుకునేవాళ్ల ఆన్‌లైన్ ఫోరం ఒకటి దొరికితే అందులో చేరాను. ఎక్కడెక్కడివాళ్లో ఉంటారు అందులో. మొదటిసారి ఇంజనాయిలు మార్చినప్పుడు గోనెసంచి మీద వెల్లకిలా పడుకుని బోల్టు విప్పాను, నల్లటి నూనె సగం మొహం మీద పడింది. ఆ సంగతి రాస్తే, అందరికీ మొదటిసారి అలాగే పడుతుందని పదిమంది జవాబిచ్చారు. బ్రేకు గొట్టాల్లో గాలి తీయడానికి ఇద్దరు కావాలి. నా భార్య డ్రైవరు సీట్లో కూర్చుని పెడల్ తొక్కేది. "తొక్కమంటావా, వదలమంటావా? ఒక మాట మీద నిలబడు" అని పైనుంచి అరిచేది. ఆర్నెల్లలో ఆ బండిలో నేను విప్పి బిగించని భాగం పెద్దగా మిగల్లేదు.

అదే ఫోరంలో పూణే మనిషి ఒకాయన ఉండేవాడు. ట్రక్కుల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యానని రాసుకున్నాడు. ఫోటో ఉండాల్సిన చోట ట్రాక్టరు బొమ్మ పెట్టుకున్నాడు. తక్కువ మాటల్లో రాసేవాడు, నాకు పాత న్యూస్ ఎడిటర్‌తో మాట్లాడుతున్నట్టు ఉండేది.

ఇలా ఉండగా మా బామ్మర్ది అంగడి ముందు హత్య జరిగింది.

నా భార్యకు తమ్ముడు అతను. మైదుకూరులో విత్తనాలు, పురుగుమందుల అంగడి. శనక్కాయ విత్తనాల కోసం వచ్చిన ఒక రైతును, పొలం గట్టు తగాదాలో, ఇద్దరు పట్టపగలు మెట్ల మీదే నరికారు. ఆ ఇద్దరూ అంగడికి వచ్చిపోయేవాళ్లే, మొన్నటిదాకా మందులు కొన్నవాళ్లే. పని అయ్యాక ఒకడు అంగడి ముందున్న తాగేనీళ్ల డ్రమ్ములో కొడవలి ముంచి కడుక్కున్నాడు. కడుక్కుంటూ లోపలికి చూసి, "అన్నా, నువ్వేం సూడల్యా" అన్నాడట.

పోలీసులకు మా బామ్మర్ది చూశానని చెప్పాడు. మెట్ల మీద ఉన్న మిగతా నలుగురూ చూడలేదన్నారు.

ఆ రాత్రే అతని మోటారు సైకిలు తగలబెట్టారు. నెల తర్వాత షట్టరు మీద నాటుబాంబు వేశారు. రేకు లోపలికి వంగింది, లోపల మందు సీసాలు పగిలి వీధంతా ఘాటు వాసన. మా ఇంట్లో అక్కా తమ్ముళ్ల గొడవ రోజూ జరిగేది.

"నీకేమన్నా పిచ్చి పట్టిందా? నలుగురికీ లేని బాధ నీకేల?" అనేది నా భార్య.

ఆమె లోపలికి పోయాక అతను నాకు చెప్పాడు. "బావా, వాడు కొంచేపు బతికే ఉన్న్యాడు. నీళ్లు అడిగినాడు. గ్లాసు ముంచబోతే డ్రమ్ములో నీళ్లు ఎర్రగా ఉండాయి. లోపల నీళ్ల బాటిలు ఉండాదని నాకు తట్టల్యా. నేను తేరుకునే లోపల వాడు పోయినాడు."

ఆ డ్రమ్మును అంగడి ముందునుంచి తీసేశాడు. మరెక్కడా డ్రమ్ము నీళ్లు తాగేవాడు కాదు.

కడప కోర్టులో సాక్ష్యానికి తేదీ పడింది. కోర్టు దాకా ప్రాణంతో చేరాలి, అదొక్కటే మా ముందున్న పని. బస్సులో పోనివ్వరు. పోలీసుల్ని తోడడుగుదామంటే, "వాళ్లొస్తే నేను ఎప్పుడు బయలుదేరేదీ ఊరంతా తెలుస్తాది" అన్నాడు. నా జీపులో తీసుకుపోతానన్నాను. నా భార్య జీపు దగ్గరికి పోయి తలుపు రేకు మీద వేళ్లతో కొట్టి చూసింది. ఆ తర్వాత, "బండి గట్టిదేనా?" అని మాత్రం అడిగింది.

గట్టి చేయించడానికి మైదుకూరులోనే ఒక పాత మెకానిక్ దగ్గరికి పోయాను. గడ్డానికి గోరింటాకు పెట్టుకునే సాయిబు. సంగతి చెప్పగానే చేతిలో స్పానర్ కింద పెట్టాడు. "పాతికేండ్ల కింద ఈ పని శానా చేసినా సార్. మళ్లీ చేయాల్సొస్తాదని అనుకోల్యా." తలుపుల్లో పట్టే ఇనుప రేకుల కొలతలు అతనికి నోటికే వచ్చు.

వెనక సీటు చుట్టూ పని మొదలైంది. రెండు తలుపుల్లో మందపాటి రేకు, కిటికీలకు ఇనుప మెష్, ముందు సీట్ల వెనక ఒక రేకు గోడ. బండి వెనక భాగంలో సామాన్లు ఎక్కించే డోరును పూర్తిగా వెల్డింగ్ చేసేశాడు. గాటు ఉన్న తలుపును విప్పితే లోపలి వైపు పాత వెల్డింగ్ మచ్చలు కనిపించాయి. ఎవరో ఒకప్పుడు ఈ బండికే రేకులు పెట్టించి, మళ్లీ పీకించారన్నమాట. మెకానిక్ ఆ మచ్చల్ని గోటితో గీకి చూసి, "ఇది నా చేతి పని కాదు, వంకరగా ఉండాది" అన్నాడు.

ఆఖరున బయటి పిడులు పీకేద్దామన్నాడు. "పెద్దోళ్ల బండ్లకు ముందు ఈ పనే చేస్తాంటిమి. లోపలుండేవాడు తీస్తే తప్ప తలుపు తెరుసుకోగూడదు. బయట పట్టుకునేదానికి ఏమీ ఉండగూడదు."

నాకది ఎంతో సబబుగా తోచింది. 'కారులోంచి బయటికి లాగి నరికి చంపారు' అన్న వాక్యం నా ఉద్యోగంలో ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. లాగడానికి వీల్లేకుండా చేస్తే ఆ వాక్యం ఉండదనుకున్నాను. పిడులు నేనే విప్పి, ఆ రంధ్రాల మీద రేకు ముక్కలు అతికించి, నునుపుగా రంగు కొట్టాను. పని శుభ్రంగా వచ్చిందని ఫోటోలు తీసి ఫోరంలో పెట్టాను. అడవి దారుల్లో తిరగడానికని అబద్ధం రాశాను. "యుద్ధానికా?" అని ఒకరు నవ్వారు.

పూణే మనిషి నవ్వలేదు. రెండు సంగతులు రాశాడు. ఇంత బరువుకు తలుపు బందులు కిందికి జారతాయి, మెకానిక్ వాటిని వెల్డింగ్ చేస్తానంటాడు, ఒప్పుకోవద్దు, కొత్త బోల్టులు వేసి గ్రీజు పెట్టండి. ఇది మొదటిది. రెండోది ఒక ప్రశ్న. లోపలి మనిషికి స్పృహ తప్పితే తలుపు ఎవరు తీస్తారు?

మెకానిక్ నిజంగానే బందులు వెల్డింగ్ చేస్తానన్నాడు. వద్దని గట్టిగా వాదించి, బోల్టులన్నీ నేనే మార్చాను. ఒక్కో తలుపుకు రెండు బందులు, ఒక్కో బందుకు రెండు బోల్టులు, పాత జీపు కాబట్టి అన్నీ బయటికే ఉంటాయి. గ్రీజు పెట్టాను. ప్రశ్నకు మాత్రం జవాబు రాయలేదు. మనిషిని బయటికి లాగి కాపాడిన వార్త నేనెప్పుడూ రాసి ఉండలేదు. అలాంటిది ఒకటి ఉంటుందని నా బుర్రకు తట్టలేదు.

కోర్టు రోజు పొద్దున ఎనిమిదిన్నరకు బయలుదేరాం. అతను వెనక ఎడమ వైపు కూర్చున్నాడు. బరువుకు బండి దున్నపోతులా కదిలింది, బ్రేకు తొక్కితే ఆలోచించుకుని ఆగేది. ఖాజీపేట దాటాక రేకు గోడ వెనకనుంచి, "బావా, నన్ను బీరువాలో పెట్టి తోలుకపోతాండావే" అన్నాడు. నవ్వబోతున్నాను. కుడి పక్కకు టిప్పరు వచ్చింది.

ఒకసారి తగిలింది, రెండోసారి కావాలని తోసింది. జీపు రోడ్డు దిగి, గిర్రున వెనక్కి తిరిగి, మట్టికట్టకు కుడివైపు ఒరుసుకుంటూ పోయి ఆగింది. నా నుదురు స్టీరింగుకు కొట్టుకుంది. కళ్లలోకి నెత్తురు కారుతుంటే ఇద్దరు దిగి రావడం కనిపించింది. చేతుల్లో వేటకొడవళ్లు. ఒకడు నా వైపు చూసి, "పెద్దాయనా, నువ్వు కదలొద్దు. నీతో మాకు పనిల్యా" అన్నాడు, క్యూలో కాసేపు ఆగమన్నట్టు.

ఇద్దరూ వెనక తలుపు దగ్గరికి పోయారు. పిడి కోసం ఒకడి చెయ్యి తడుముకుంది. నేను నునుపు చేసిన చోటే అరచేత్తో రెండుసార్లు రుద్దాడు. దొరక్కపోయేసరికి బూతు తిట్టి కొడవలి ఎత్తాడు. రేకు మీద దెబ్బ పడితే గంట కొట్టినట్టు మోగింది. అద్దం పగిలింది. మా బామ్మర్ది లోపలినుంచి మెష్ ఊడిపోకుండా రెండు చేతులతో పట్టుకున్నాడు. కొడవలి మొన మెష్‌కూ చట్రానికీ మధ్య దూరింది. ఒక అరుపు వినిపించింది. అంతవరకూ అతని నోట నేను అలాంటి అరుపు వినలేదు. కుడిచేతి రెండు వేళ్లు తెగి మెష్ మీదనుంచి బయటి మట్టిలో పడ్డాయి.

అప్పుడే మిరప కోతకు పోయే కూలీల ట్రాక్టరు వచ్చింది. ట్రాలీ నిండా ఆడవాళ్లు. "ఒరేయ్, ఎవుర్రా మీరు! మనుషుల్ని నరుకుతాండారు!" అంటూ దూకారు. రాళ్లు వానలా పడ్డాయి. ఒక రాయి ఒకడి చెవి పగలగొట్టింది. ఇద్దరూ టిప్పరెక్కి కడప వైపు పోయారు.

బతికామనుకున్నాను. అంతలో బానెట్ కింద పొగ లేచింది. తెగిన వైరు నిప్పు రేపింది, డీజిల్ వాసన కొట్టింది. ముందు ఎడమ తలుపులోంచి నేను బయటపడ్డాను. కుడి తలుపులు మట్టికట్టకు అతుక్కున్నాయి. వెనక డోరును వెల్డింగ్ చేశాం. మధ్యలో రేకు గోడ. మిగిలింది గాటు ఉన్న తలుపు ఒక్కటే. లోపలినుంచి అతను లివరు గుంజుతున్నాడు. బరువుకు, దెబ్బలకు తలుపు జారి బిగుసుకుపోయింది. పొగలో దగ్గుతున్నాడు, కాసేపటికి లివరు చప్పుడు ఆగిపోయింది.

ఆడవాళ్లలో పెద్దామె తలుపు మీద పడి రెండు చేతులతో వెతికింది. "పిడి యాడుండాదప్పా? తలుపుకు పిడి ల్యాదే! ఏం మనుషులప్పా మీరు, లోపల మనిషిని పెట్టి పిడి పీకుతారా?"

డ్రైవరు సీటు కింద టూల్ సంచి ఉంది. పదమూడో నంబరు స్పానర్ తీసి పై బందు మీద పెట్టాను. నెత్తుటి చేతుల్లో రెండుసార్లు జారింది. మూడోసారి పట్టింది, బోల్టు తిరిగింది. తుప్పు పట్టిన పాతవి అయితే తిరిగేవి కావు. పెద్దామె తలుపును భుజంతో ఆనించి పట్టుకుంది, తక్కినవాళ్లు కొంగుల్లో మట్టి తెచ్చి బానెట్ మీద పోస్తున్నారు. నాలుగో బోల్టు ఊడగానే తలుపు ఒక్కసారిగా కిందపడింది. నా ఎడమ పాదం దాని కింద నలిగింది. నలుగురు ఆడవాళ్లు అతన్ని చంకలు పట్టి బయటికి లాగారు.

బయటికి లాగారు. అదే మాట.

స్పృహ వచ్చాక ముందు, "టైమెంత బావా?" అన్నాడు. తొమ్మిదిన్నర అని ఎవరో చెప్పారు. "కోర్టుకు ఇంకా టైముండాది" అని లేవబోయాడు. పెద్దామె కూర్చోబెట్టి, తన కొంగు చింపి చేతికి కట్టింది.

ఆ రోజు కోర్టులో కేసు వాయిదా పడింది. వేళ్లు అతకలేదు. నా పాదానికి మూడు నెలలు పట్టీ. కుంటుకుంటూనే బండిని ఇంటికి తెప్పించి, కాలిన వైర్లు మార్చి, రేకులన్నీ పీకేశాను, వెనక డోరు వెల్డింగ్ కోయించాను. బయటి పిడులు కడపలో పాత సామాన్ల అంగట్లో దొరికాయి. బిగించాక ఫోరంలో జరిగిందంతా రాశాను, అడవి దారుల అబద్ధంతో సహా. చాలామంది చాలా రాశారు. పూణే మనిషి రెండు రోజుల తర్వాత ఒక్క వాక్యం రాశాడు. "ఈసారి కూడా బోల్టులకు గ్రీజు పెట్టారా?" పెట్టానని రాశాను.

రెండో తేదీకి అదే బండిలో పోయాం. పిడులు చూసి నా భార్య తలుపు నాలుగుసార్లు తెరిచి మూసింది. ఈసారి ముందూ వెనకా పోలీసులు వచ్చారు. బోనులో మా బామ్మర్ది డ్రమ్ము సంగతితో సహా చూసింది చూసినట్టు చెప్పాడు. అవతలి వకీలు అంత దూరం నుంచి మొహాలు ఎలా గుర్తుపట్టారని అడిగితే, "నా డ్రమ్ము కాడ ఉన్న్యారు సార్. నేను వాళ్లకు మందులు అమ్మినోణ్ణి" అన్నాడు. తీర్పు ఇంకా రాలేదు.

బయటికొచ్చేసరికి కోర్టు ఆవరణలో చెట్టు కింద ముద్దాయిల తరఫువాళ్లు ఏడెనిమిదిమంది నిలబడి మమ్మల్నే చూస్తున్నారు. నేను ముందుగా ఎక్కి, వెనక్కి వంగి తలుపు తీయబోయాను. "ఉండు బావా" అన్నాడు. మిగిలిన మూడు వేళ్లతో పిడి పట్టుకున్నాడు. మొదటిసారి జారింది. వాళ్లలో ఎవరో నవ్వారు. రెండోసారి తలుపు తెరుచుకుంది.

ఖాజీపేట దగ్గర బండి ఆపమన్నాడు. రోడ్డు పక్క టీకొట్టు ముందు నీళ్ల డ్రమ్ము ఉంది. దిగి దాని మూత తీసి కాసేపు లోపలికి చూశాడు. గ్లాసు ముంచుకుని తాగాడు, ఇంకో గ్లాసు ముంచి నాకు తెచ్చిచ్చాడు.