సర్పంచి చేనిలో ఊరి బావి

పెళ్లయి ఉరవకొండ దగ్గర మా అత్తగారి ఊరికి వచ్చేదాకా నీళ్ల గురించి నేను ఆలోచించిందే లేదు. మా నాయన గుంతకల్లులో రైల్వే ఉద్యోగి. క్వార్టర్సులో కొళాయి ఉండేది.

కాపురానికి వచ్చిన మరుసటేడు వానలు లేవు. ఊరి బావి అడుగంటింది. ఆ బురదనీళ్లను కూడా అంటు పేరుతో ఊరి బయటి పేటవాళ్లను ముట్టనిచ్చేవారు కాదు. మాలో ఎవరైనా తోడి పోస్తే పట్టుకుపోవాలి.

సర్పంచి మా మామగారికి చిన్ననాటి స్నేహితుడు. ఆయన ఆఫీసుల చుట్టూ తిరిగి ఊరికి కొత్త బావి మంజూరు చేయించాడు. ఊరి నడుమ పోరంబోకు జాగాలో తవ్వాలని అనుకున్నారు. తీరా తవ్వింది ఆయన చేనిలో, పేటకు పోయే దారి పక్కన. పోరంబోకులో బండ తగులుతుందని ఆయన అన్నాడు. తగులుతుందో లేదో ఎవరూ తవ్వి చూడలేదు. చేనిలో మాత్రం తియ్యటి నీళ్లు పడ్డాయి. పేటవాళ్లు తమ చేతులతో నీళ్లు తోడుకోవడం నేను మొదట అక్కడే చూశాను.

సర్కారు సొమ్ముతో సొంత చేనికి బావి వేసుకున్నాడని మామ పైఅధికారులకు ఫిర్యాదు చేశాడు. మామ అబద్ధమాడే మనిషి కాదు. అయినా ఆయన కోపం సర్కారు సొమ్ము పోయిందనా, పేటవాళ్లు తోడుకుంటున్నారనా, నాకు తేలలేదు.

ఒకనాడు పొద్దున్నే జీపులో ఆఫీసరు వచ్చి అందరినీ బావి దగ్గరికి పిలిపించాడు. సర్పంచి ఏమీ దాచలేదు.

"నా చేన్లోనే తవ్విచ్చినా సార్. తప్పే, రాసుకోండి. ఊర్లో తవ్వుంటే పేటోళ్లను బిందె ముంచనిస్తాండ్రా? వీళ్లనే అడగండి."

ఆఫీసరు బిందెతో నిలబడ్డ నా వైపు తిరిగాడు. "బావి ఊరిదా, ఆయనదా? నువ్వు చెప్పమ్మా." పక్కనే మామ. నీళ్లు అందరూ తోడుకుంటున్నారని మాత్రం చెప్పగలిగాను. మామ నాకంటే ముందే ఇంటిదారి పట్టాడు.

విచారణ ఏమైందో తెలియలేదు. వానలు పడ్డాక సర్పంచి ఆ బావికి నీళ్లు తోడే ఇంజను బిగించాడు. ఆయన చెనిక్కాయ పైరు పచ్చగా నిలిచింది. ఎండ ఎక్కేసరికి నీళ్లు కిందికి దిగిపోయేవి. బావిలో మళ్లీ ఊరేదాకా ఊళ్లో ఆడవాళ్లం కాచుకుని కూర్చునేవాళ్లం. మామ చెప్పిందే నిజమనుకున్నాను.

పంచాయతీ ఎన్నికలొచ్చాయి. మా ఇంటి పనికొచ్చే పేట ఆమెను ఓటు ఎవరికని అడిగాను. సర్పంచికేనంది. ఇంజను సంగతి గుర్తు చేశాను.

"గుంజుకుంటాండాడమ్మా, నాకూ కడుపు మంటే. కానీ ఆయప్ప ముంచొద్దని అనలేదు గదా."

ఆశ్చర్యమేమంటే, మామ కూడా ఆయనకే వేస్తానన్నాడు. ఎందుకు మామా అంటే, "ఇంకెవురుండారమ్మా?" అని కండువా దులుపుకుని లోపలికి పోయాడు.

నాకదే మొదటి ఓటు. అట్ట చాటున ఓటు ముద్ర పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను. తొందరగా కానిమ్మని బయటినుంచి కేకేశారు. వేసి వచ్చాను, సరిగా వేశానో లేదో తెలియకుండానే. ఆయనే గెలిచాడు. ఆ సాయంత్రం మా అరుగు మీద మామా ఆయనా వాన గురించి మాట్లాడుకుంటుంటే కాఫీ ఇవ్వడానికి వెళ్లాను. సర్పంచి లేచి రెండు చేతులతో గ్లాసు అందుకుని, "చల్లగుండు తల్లీ" అన్నాడు. ఆ మాటకు సంతోషించాలో వద్దో నాకు తోచలేదు.