ఫాదర్ దాచుకున్న వైన్

బెల్లంపల్లి బొగ్గుబావుల దగ్గర మిషన్ దవాఖానాలో నేను నర్సుగా పనిచేస్తున్న రోజులవి. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి ఎక్కువ కాలం కాలేదు. దవాఖానా నడిపేది ఇటలీ నుంచి వచ్చిన ఒక ఫాదర్. మందుల గదిలో ఎండ తగలని మూలన, తడి గోనెసంచుల కింద ఆయన రెండు వైన్ సీసాలు దాచుకున్నాడు. పూజకు వాడేది వేరు. ఇది ఇటలీలో వాళ్ళ అన్నయ్య సొంత తోటలో చేసింది. మూడు రకాల ద్రాక్షలు కలిపారట: ఒకటి వగరుకు, ఒకటి వాసనకు, ఒకటి మెత్తదనానికి.

"ఇప్పుడే తాగితే నాలుకను కొరుకుతుంది. ఇంకా ఆగాలి," అనేవాడు.

ఒక మధ్యాహ్నం బావి కార్మికుడి భార్య ఒకామె తల పగిలి వచ్చింది. తాముండే క్వార్టర్ల లైన్లోని ఆడవాళ్ళను కూడగట్టి సారా దుకాణంలో కుండలు పగలగొట్టిందట. దుకాణం మనుషులు గొడ్డలి కామతో కొట్టారు.

"వాళ్ళు నా ఎనుకనే వస్తున్నరు నర్సమ్మా. జల్ది తలుపు పెట్టు," అంది.

నేను కుట్లు వేస్తూ ఉండగానే ముగ్గురు వచ్చారు. ఫాదర్ గుమ్మానికి అడ్డంగా చేతులు చాపి నిలబడ్డాడు. "ఇది దవాఖానా. లోపలికి రావద్దు," అన్నాడు. ఒకడు కామతో ఆయన దవడ మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు నాకు లోపలికి వినిపించింది. కిందపడ్డ మనిషిని ఇద్దరు పక్కటెముకల్లో తన్నుతుంటే, మూడోవాడు ఆయనను దాటుకుని లోపలికి వచ్చాడు.

ఆమె మందుల గదిలోకి పరుగెత్తింది. వాడు జుట్టు పట్టి, సగం కుట్టిన తలను గోడకేసి బాదసాగాడు. నేను వాడి చొక్కా పట్టి లాగాను. మోచేత్తో పొడిచాడు. నా ముందు పన్ను ఊడింది. కిందపడ్డ చోట గోనె కింద సీసా చేతికి తగిలింది. లేచి, దాని మెడ పట్టుకుని వాడి తల వెనక కొట్టాను. దళసరి సీసా, పగల్లేదు. వాడు నా వైపు తిరిగాడు. ఈసారి ముఖం మీద కొట్టాను. సీసా పగిలింది.

వాడు కన్ను పట్టుకుని కూలబడ్డాడు. గదంతా నెత్తురు, వైన్.

అప్పుడే పని దిగి వస్తున్న కార్మికులు ఆ కేకలు విని ఉరికొచ్చారు. బయట ఉన్నవాళ్ళు పారిపోయారు. లోపలివాణ్ణి వరండాలోకి ఈడ్చి పారలతో కొడుతుంటే, ఫాదర్ పాక్కుంటూ వెళ్ళి వాడి మీద పడుకున్నాడు. నోరు తెరవలేక చెయ్యి మాత్రం ఊపాడు. అప్పుడు ఆగారు. వాడి ముఖం నేనే కుట్టాను. కన్ను దక్కలేదు. నాకు జాలి కలగలేదు.

పారిపోయినవాళ్ళు కూడా దొరికారు. ముగ్గురికీ జైలు పడింది. దుకాణం మూతపడింది. ఫాదర్ దవడ అతుక్కున్నాక ఒకరోజు రెండో సీసా తెచ్చి బల్ల మీద పెట్టాడు. "ఇక దాచలేను," అన్నాడు. మడ్డి రాకుండా గాజుగుడ్డలోంచి వడబోసి, గాలి తగలాలని చాలాసేపు మూత పెట్టకుండా ఉంచాడు. ఆమె అప్పటికి మా దగ్గరే ఆయాగా చేరింది. ముగ్గురం కూర్చున్నాం.

రంగు నేరేడు పండుది. గ్లాసు అంచున మాత్రం ఇటుక రంగు తిరిగింది. ముందు వాసన చూడమన్నాడు. తడిసిన మట్టి, ఎండిన పొగాకు. గుక్క తాగితే పన్ను ఊడిన చోట చురుక్కుమంది. ఆ తర్వాత మెల్లగా నోరంతా పరుచుకుంది.

ఆమె ముఖం చిట్లించింది. "తునికి కాయ లెక్క వగరున్నది ఫాదర్." కాసేపాగి మళ్ళీ తాగింది. "గిప్పుడు మంచిగైంది. ఎండిన రేగుపండు వాసన వస్తున్నది."

ఫాదర్ బల్ల చరిచాడు. "అదే! మా అన్న ఇంట్లో తాగినప్పటి నుంచీ ఆ వాసనకు నాకు పేరు దొరకలేదు," అన్నాడు. దెబ్బ తిన్న దవడతో ఆయన నవ్వు ఒక పక్కకే వచ్చేది.

ఆమె గ్లాసు ఖాళీ చేసి లేచింది. "రైలు పట్టాల అవుతల కొత్త సారా దుకాణం పెట్టిండ్రట. ఆడోళ్ళంత నా కోసం చూస్తుంటరు. పోయొస్త," అంది.

ఫాదర్ నా వైపు చూశాడు. నేను దవాఖానాకు తాళం వేశాను. ముగ్గురం కలిసే వెళ్ళాం.